మునుగోడు వైపు చౌడు పెరట్లో ఎండాకాలపు కూరగాయలు: విత్తనానికి ముందు నేలను ఎలా సిద్ధం చేసుకోవాలి?

పెరటిబావి (మునుగోడు ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. పదవీ విరమణ తరువాత నేను, నా భార్య రెండేళ్ల క్రితం మునుగోడు దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చాము. ఇంటి వెనుక రెండు గుంటల పెరడు ఉంది. మా అమ్మ ఉన్న రోజుల్లో అందులో బీర పందిరి, పుంటికూర మడి, టమాటలు, దడి వెంట ఆముదం చెట్లు ఉండేవి. అంగడికి పోయి కూరగాయలు కొన్న గుర్తు నాకు లేదు. అప్పటి నీళ్లు చేదబావివి. ఆ బావి ఎండిపోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు మాకు ఆధారం లోతైన బోరు ఒక్కటే.

పోయిన ఏడాది శివరాత్రి దాటగానే పెరడంతా తవ్వించి, ఒక ట్రాక్టరు పెంట తోలించి, బెండ, టమాట, సోర, తోటకూర వేశాము. మొలక సగం కూడా రాలేదు. నీళ్లు పెట్టిన మర్నాటికి నేల మీద పెంకు కట్టేది, తోటకూర మొలకలు ఆ పెంకును చీల్చుకొని పైకి రాలేక లోపలే ఎండిపోయేవి. మొలిచిన బెండ జానెడు ఎత్తుకు వచ్చి, పసుపు తిరిగి, అక్కడే ఆగిపోయింది. పోసిన నీరు గంటల తరబడి పైనే నిలిచేది, కానీ కుర్పితో తవ్వి చూస్తే నాలుగు వేళ్ల లోతున పొడి మట్టే ఉండేది. మడుల అంచుల వెంట తెల్లటి పూత కూడా కనిపించింది.

ఇప్పుడు ఫిబ్రవరి మొదటి వారం నడుస్తున్నది. ఈసారి తొందరపడకుండా, ముందు నేలను అర్థం చేసుకొని ఆ తరువాతనే విత్తనం పెట్టాలని అనుకుంటున్నాము. అందుకోసం ఇంకా ఎన్ని రోజుల సమయం ఉందో, ఇలాంటి నేలలో ఏ మొక్కలు నిలుస్తాయో తెలిసినవారు చెప్పగలరు. మరొక సందేహం కూడా ఉంది. మాది ఫ్లోరైడ్ ఊరు. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కానీ తోటకు బోరు నీళ్లే గతి. ఆ నీటితో పెరిగిన ఆకుకూర తినవచ్చునా అని నా భార్య అడుగుతున్నది, ఆమెకు ఏమి చెప్పాలో నాకు తెలియలేదు.

చెలకపొలం (జడ్చర్ల)

నమస్కారం అన్నగారూ. సమయం గురించి ముందు చెబుతాను. మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో వసంతం అనేది పంచాంగంలో చైత్ర వైశాఖాలే అయినా, పెరటి పనికి మాత్రం మాఘంలోనే మొదలై ఫాల్గుణంతో ముగిసిపోతుంది. ఉగాది నాటికి ఎండ ముదురుతుంది, ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. బెండ, గోకర, సోర, బీర, కాకర, దోస వంటివి ఫిబ్రవరి నెలాఖరులోగా నేలలో పడితే మార్చిలో తీగ సాగి, ఎండ ముదిరేలోపు వేరు లోతుకు దిగుతుంది. దారి పక్కన మోదుగు పూలు విచ్చుకునే నాటికి నా పెరట్లో విత్తనం పని పూర్తయి ఉంటుంది, ఎన్నో ఏళ్లుగా అదే నా లెక్క.

నేలకు నేను చేసేది ఇది. మాది ఎర్ర చెలక, నీరు నిలవని దుబ్బ. చెరువు ఎండినప్పుడు పూడిక మట్టి తెచ్చి, మడికి రెండు అంగుళాల మందాన పరిచి కలుపుతాను. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా ఊరి చెరువులో తీసిన మట్టిని చాలామందిమి చెలకలకు తోలుకున్నాము, ఆ ఏడాది నుంచి నా మడులకు రోజు విడిచి రోజు నీరు పెడితే సరిపోతున్నది. దానితో పాటు కానుగ, వేప చెట్ల కింద ఇప్పుడు రాలుతున్న ఆకును కాల్చవద్దు. గుంతలో పోసి, పేడనీళ్లు చల్లి ఉంచితే వానాకాలం నాటికి మంచి ఎరువు అవుతుంది. మీరు కూడా చెరువు మట్టి తెచ్చుకుంటే బాగుపడుతుందని నా అభిప్రాయం.

మట్టిపరీక్ష (మిర్యాలగూడ)

చెలకపొలం గారు చెప్పిన సమయం అక్షరాలా సరైనది. చెరువు మట్టి సలహా కూడా ఎర్ర చెలకకు, దుబ్బకు చాలా మంచిది. కానీ పెరటిబావి గారు చెప్పిన లక్షణాలు నాకు వేరే సంగతిని చూపుతున్నాయి కాబట్టి ఆ మట్టి తోలించే ముందు కొంచెం ఆగమని కోరుతున్నాను. నేను మట్టి నమూనాలు పరీక్షించే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, ఇలాంటి పెరళ్లను ఎన్నో చూశాను.

నీరు పైన నిలవడం, కింద పొడిగా ఉండడం, ఆరగానే పెంకు కట్టడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే మట్టిలో సోడియం పేరుకున్నదని అనుమానించాలి. చౌడు అనే ఒక్క మాటతో మనం రెండు వేరువేరు జబ్బులను పిలుస్తుంటాము. పాలచౌడులో కరిగే లవణాలు ఎక్కువగా ఉంటాయి, మట్టి మాత్రం గుల్లగానే ఉంటుంది, మంచి నీటితో కడిగితే చాలావరకు పోతుంది. కారుచౌడు అలా కాదు. అందులో సోడియం బంకమట్టి రేణువులకు అతుక్కొని వాటిని విడగొడుతుంది, విడిపోయిన సన్నని రేణువులు మట్టిలోని సందులన్నింటినీ మూసేస్తాయి. అప్పుడు నీరు దిగదు, గాలి ఆడదు, వేరు సాగదు. దానిని వట్టి నీటితో కడిగితే ఇంకా బిగుస్తుంది. బంక ఎక్కువగా ఉండే చెరువు మట్టిని అలాంటి నేలలో కలిపి, మళ్లీ అదే బోరు నీరు పెడితే, తెచ్చిన మట్టి కూడా కొన్నాళ్లకు అలాగే మారుతుంది.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది. గాజు గ్లాసులో వాననీరు గానీ, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి, బాగా ఎండిన శనగగింజంత మట్టిగడ్డను మెల్లగా అందులో వదలండి. కదపకుండా ఒక రాత్రి ఉంచండి. గడ్డ విరిగి, దాని చుట్టూ నీరు తేటగా ఉంటే భయం లేదు. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మసక వ్యాపిస్తే అది సోడియం పని.

దీనికి మూలం మీ బోరు నీటిలోనే ఉండవచ్చు. మన గ్రానైటు నేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిలో సాధారణంగా సోడియం బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటుంది. కాల్షియం ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి నీటి నుంచి విడిపోతుంది, కాల్షియం లేనిచోట నీటిలోనే కరిగి ఉండిపోతుంది. అంటే మీ ఊరి వారి ఎముకలకు హాని చేసిన నీరే మీ మట్టికి కూడా హాని చేస్తున్నది. ఇలాంటి నీటిలో సబ్బు చక్కగా నురగ వస్తుంది కాబట్టి చాలామంది దీనిని మంచి నీరని నమ్ముతారు.

అందుచేత మట్టిని, నీటిని రెండింటినీ పరీక్షకు ఇవ్వండి. మడుల్లో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, నీడన ఆరబెట్టి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలోకు తగ్గించండి. పెంట కుప్ప పడ్డ చోట, చెట్టు మొదట్లో, గట్ల మీద తీయవద్దు. నీటి నమూనాకు బోరును కొంతసేపు నడిపించిన తరువాతే సీసా పట్టండి. జిల్లా కేంద్రంలో భూసార పరీక్షా కేంద్రం ఉంటుంది, మీకు దూరమే అయినా కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది.

ఇక అమ్మగారి ప్రశ్నకు. ఫ్లోరైడ్ మన శరీరంలోకి ప్రధానంగా తాగునీటి ద్వారానే చేరుతుంది, తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అన్న హద్దు అందుకే పెట్టారు. మొక్కలు కూడా కొంత పీల్చుకుంటాయి, కాయల కన్నా ఆకుల్లో అది ఎక్కువగా చేరుతుంది. కాబట్టి బీర, సోర వంటి కాయలకు బోరు నీరు వాడుకొని, ఆకుకూరల మడిని చిన్నదిగా పెట్టి దానికి బియ్యం, పప్పు కడిగిన నీళ్లు, వానాకాలంలో పట్టి ఉంచిన నీళ్లు వాడడం మేలు.

పుంటికూరమడి (దేవరకొండ)

అన్నయ్యగారికి, వదినగారికి నమస్కారం. పరీక్ష ఫలితం వచ్చేలోపు చేతులు కట్టుకొని కూర్చుంటే ఫిబ్రవరి దాటిపోతుంది. అందుకని ఒక మాట చెబుతున్నాను. రెండు గుంటలూ ఈ ఏడాదే బాగుచేయాలని పెట్టుకోకండి. వంటింటికి దగ్గరగా, మధ్యాహ్నం తరువాత గోడ నీడ పడే చోటు చూసుకొని, ఎనిమిది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న ఎత్తు మడులు రెండో మూడో కట్టుకోండి. చుట్టూ బండలు గానీ, ఇటుకలు గానీ పేర్చి, అడుగు ఎత్తున బయటి నుంచి తెచ్చిన ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పెంట ఒక పాలు నింపితే వేరుకు కింది చౌడు వెంటనే తగలదు. మూడు అడుగుల కన్నా వెడల్పు వద్దు, రెండు పక్కల నుంచి చేయి అందాలి. మడిలోకి కాలు పెట్టే అవసరమే రాకూడదు.

పెంట విషయంలో నేను గట్టిగా చెబుతాను. పోయిన ఏడాది మీరు తోలించింది మాగినదేనా? పిడికిట్లో పట్టి నలిపితే పొడిలా రాలాలి, పేడ వాసన కాకుండా తొలకరి మట్టి వాసన రావాలి. పచ్చి పెంట వేస్తే చెదలు, వేరుపురుగు వస్తాయి, లోపల వేడి పుట్టి లేత వేరు మాడుతుంది. ఈ తప్పు నేను నా మొదటి ఏడాది చేశాను, ఇరవై మిరప మొక్కలను వారంలోనే పోగొట్టుకున్నాను. ఇప్పుడు మడికి రెండు గంపల మాగిన పెంటతో పాటు రెండు కిలోల వేపపిండి కలిపి, వారం రోజులు తడిపి ఉంచి ఆ తరువాతే విత్తనం పెడతాను.

ఆకుకూరల్లో ఏది ఎప్పుడో కూడా చెబుతాను. పాలకూరకు చౌడును కొంత ఓర్చుకునే గుణం ఉంది కానీ ఎండను ఓర్చుకోదు, ఇప్పుడే వేసి మార్చి నెలాఖరుకు కోసుకోవాలి. కొత్తిమీర, మెంతి కూడా ఈ నెలలోనే. ఆలస్యమైతే ఆకు రాకముందే పూతకు వస్తాయి. పుంటికూర, బచ్చలి, గంగవాయిలి మాత్రం మే నెలలో కూడా మన వంటింటిని ఆదుకుంటాయి. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది కాబట్టి సన్న ఇసుకతో కలిపి చల్లి, పైన మట్టి కప్పకుండా, జల్లించిన పెంటపొడిని పలుచగా చల్లి, తడి గోనెసంచి పరచండి. మూడో రోజు నుంచి రోజూ ఎత్తి చూసి, మొలక కనబడగానే సంచి తీసివేయండి. పెంకు కట్టే నేలకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

నీళ్లకు నేను కుండలు వాడుతున్నాను. పది లీటర్లు పట్టే, రంగు వేయని మట్టికుండను మెడ వరకు పాతిపెట్టి, నీరు నింపి, మూత పెట్టి, చుట్టూ నాలుగు సోర గానీ బీర గానీ గింజలు పెడతాను. కుండ గోడలోంచి నీరు వేరుకు కావలసినంత మాత్రమే ఊరుతుంది, పైన నేల తడవదు కాబట్టి కలుపు తక్కువ, పెంకు బాధ లేదు. ఉప్పు నీళ్లకు కుండ రంధ్రాలు క్రమంగా పూడుకుపోతాయి, నేను ఏడాదికి ఒకసారి మారుస్తాను. కుమ్మరి దగ్గర పగులు లేనిది చూసుకొని, నీరు పోసి రాత్రంతా ఉంచి, పైన చెమ్మ వచ్చిన దానినే తీసుకోండి.

పెరటిబావి (మునుగోడు ప్రాంతం)

మీరు ముగ్గురూ ఇంత ఓపికగా రాసినందుకు ఎంతో కృతజ్ఞుణ్ణి. గ్లాసు పరీక్ష ఆ రాత్రే చేశాము. తెల్లవారేసరికి గడ్డ చుట్టూ నీరు బియ్యం కడిగిన నీళ్లలా మసకబారింది. మట్టి, నీరు రెండింటి ఫలితాలు ఈ రోజు చేతికి వచ్చాయి. మట్టి ఉదజని సూచిక (pH) 8.7, లవణ పరిమాణం (EC) 0.9. నీటిలో మిగులు సోడియం కార్బొనేటు 5 అని రాసి, ఎకరానికి 2 టన్నుల జిప్సం వేయమన్నారు. మాకు ఎకరాల లెక్క అవసరం లేదు, ముప్పై గజాల మడులకు ఎంత వేయాలో, ఎలా వేయాలో చెప్పండి. వంటింటి పక్కన మూడు ఎత్తు మడులు కట్టడం ఇప్పటికే పూర్తయింది. పోయిన ఏడాది పెంట పచ్చిదేనని ఇప్పుడు అర్థమైంది, అందులో గడ్డి పోచలు పోచలుగానే కనిపించేవి.

మట్టిపరీక్ష (మిర్యాలగూడ)

ఉదజని సూచిక 8.5 దాటి, లవణ పరిమాణం 4 లోపల ఉన్నది కాబట్టి మీది కారుచౌడే. నీటి సంగతి ఇంకా ముఖ్యమైనది. మిగులు సోడియం కార్బొనేటు అంటే నీటిలోని కాల్షియం, మెగ్నీషియాలను మించి ఉన్న కార్బొనేట్లు, బైకార్బొనేట్ల లెక్క. అది 1.25 లోపు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు, 2.5 దాటితే అలాగే వాడకూడదు. మీది దానికి రెట్టింపు ఉంది.

ఎకరానికి 4,840 గజాలు కాబట్టి 2 టన్నుల లెక్కన గజానికి సుమారు 400 గ్రాములు, ముప్పై గజాలకు 12 కిలోలు అవుతుంది. మెత్తగా పొడి చేసిన జిప్సాన్ని నేల మీద సమంగా చల్లి, పై నాలుగైదు అంగుళాల మట్టిలోనే కలపండి. లోతుగా పూడ్చితే పలుచబడి పని చేయదు. తరువాత చుట్టూ గట్టు వేసి, నీరు నిండుగా నిలబెట్టి, ఇంకిన తరువాత మరో రెండుసార్లు అలాగే చేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువుల మీది సోడియాన్ని తప్పిస్తుంది, ఆ విడిపోయిన సోడియం వేరు దాటి కిందికి పోవడానికే ఈ నీరు. కడిగిన నీరు కిందికో, పక్కకో పోయే దారి లేకపోతే చేసిన పని వృథా అవుతుంది కాబట్టి పల్లం వైపు ఒక కాలువ తీయండి.

నీటికి కూడా జిప్సమే మందు. లీటరు నీటిలో ఒక పాయింటు మిగులు కార్బొనేటును తగ్గించడానికి 86 మిల్లీగ్రాముల జిప్సం కావాలి. మీ నీటిని 5 నుంచి 2.5కు తేవాలంటే వెయ్యి లీటర్లకు 215 గ్రాములు, 200 లీటర్ల డ్రమ్ముకు 43 గ్రాములు పడుతుంది. సన్నని పొడిని డ్రమ్ములో వేసి, కర్రతో బాగా కలిపి, రాత్రంతా ఉంచి, మర్నాడు వాడండి. ఇది ఒక్కసారి చేసి వదిలేసేది కాదు, ఆ బోరు నీరు వాడినన్నాళ్లు చేయవలసిందే. నేలకు జిప్సం వేసి, నీటిని అలాగే వదిలేసిన వారి మడులు రెండేళ్లలో మళ్లీ మొదటికి వచ్చాయి.

పెద్ద మడుల్లో ఈ ఎండాకాలం ఏమీ వేయకండి. జిప్సం కలిపి, కడిగి, మాగిన పెంట పరిచి, జూన్‌లో పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ విత్తనం చల్లండి. అది చౌడును ఓర్చుకుంటుంది. పూతకు వచ్చే ముందు మట్టిలో కలిపి దున్నించండి. ఈ వేసవి పంట మీ ఎత్తు మడులదీ, కుండల చుట్టూ పెట్టిన పాదులదీ.

తుంగభద్రగట్టు (అలంపూర్)

విత్తనాల గురించి నాకు తెలిసినది చెబుతాను. బెండకు పల్లాకు తెగులు పెద్ద శత్రువు, తెల్లదోమ దానిని మోసుకొస్తుంది. అర్క అనామిక వంటి తట్టుకునే రకం వేసుకోండి. గింజలను రాత్రి నానబెట్టి, వరుసకు వరుసకు మూరెడు, మొక్కకు మొక్కకు జానెడు ఎడంతో నాటండి. వానాకాలం కన్నా ఎండాకాలంలో మొక్క తక్కువ కొమ్మలు వేస్తుంది, కాబట్టి దగ్గరగా ఉండడమే మంచిది, నేలకు నీడ కూడా దొరుకుతుంది. నలభై అయిదు రోజులకు మొదటి కోత వస్తుంది, తరువాత రెండు రోజులకు ఒకసారి తప్పకుండా కోయాలి. గోకరకు పూసా నవబహార్ మంచి రకం. టమాట మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, పగటి వేడి 38 డిగ్రీలకు చేరి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది, ఎంత నీరు పెట్టినా పిందె పట్టదు.

సోర, బీర తీగలకు మొదట వరుసగా మగపూలే వస్తాయి. అది చూసి తీగ గొడ్డు పోయిందని పీకేసిన వారిని చూశాను. ఎండ, పగటి పొడుగు పెరిగేకొద్దీ మగపూల పాలు ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి ఓపిక పట్టాలి. పూవు కింద చిన్న పిందె ఆకారం ఉంటే అది ఆడపూవు. సోర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పూలు ఉదయం విచ్చుకుంటాయి. ఊరి మధ్య పెరళ్లలో తేనెటీగలు తక్కువగా ఉంటే, సంధ్యవేళ మగపూవును తెంపి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపూవు మధ్య భాగానికి మెల్లగా అద్దండి. మా ఇంట్లో ఈ పని మా మనవరాలిది, ఆమె అద్దిన పూలకు దారం కట్టి గుర్తు పెట్టుకుంటుంది.

నల్లమలఅంచు (అచ్చంపేట)

కోతుల గురించి ఎవరూ రాయలేదు, మా వైపు తోట వేయాలా వద్దా అని నిర్ణయించేది అవే. నా అనుభవంలో అవి కాకర, పుంటికూర, మిరప జోలికి పెద్దగా రావు. టమాట, దోస, మక్కజొన్న కంటబడితే మాత్రం మిగిలిన మొక్కలను కూడా తొక్కిపోతాయి. దడి దగ్గర కాకర తీగ పాకించి, లోపలి వైపు మిగతావి పెట్టుకున్నాను. పాదులకు పైన నైలాన్ వల తప్ప మరేదీ నిలవలేదు.

పెరటిబావి (మునుగోడు ప్రాంతం)

ఉగాది దాటి రెండు వారాలైంది కాబట్టి జరిగినదంతా రాస్తున్నాను. ఎత్తు మడుల్లో తోటకూర రెండు కోతలు అయిపోయింది. తడి గోనెసంచి చెప్పినట్టే పని చేసింది, మొలక దట్టంగా వచ్చి మేమే పలుచన చేయవలసి వచ్చింది. పుంటికూర మోకాలెత్తు ఉంది. కుండల చుట్టూ బీర తీగలు పందిరి ఎక్కాయి, మొదటి నాలుగు కాయలు ఇంట్లో వండుకున్నాము, రెండు పక్కింటికి ఇచ్చాము. పడమటి వైపు మాత్రమే పచ్చ నీడవల కట్టాము, పాదుల మొదట్లో పల్లి పొట్టు మందంగా పరిచాము.

రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒక మడిలో బెండ లేత ఆకులు పసుపు తిరిగాయి కానీ ఈనెలు పచ్చగానే ఉన్నాయి. ఇది పల్లాకు తెగులేనా? రెండవది, బీర పిందెలు వేలెడంత కాగానే వంకర తిరిగి కుళ్లుతున్నాయి, కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు ఉన్నాయి. దుకాణంలో పండుఈగకని చెప్పి ఒక బుట్ట ఇచ్చారు, తగిలించి పది రోజులైనా ఒక్క ఈగ కూడా పడలేదు.

మట్టిపరీక్ష (మిర్యాలగూడ)

పల్లాకు తెగులులో ఈనెలే పసుపు తిరిగి, ఆకు మీద పసుపు వల పరిచినట్టు కనిపిస్తుంది. మీరు చెప్పినది దానికి తలకిందులుగా ఉంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరగడం, అదీ లేత ఆకుల్లోనే మొదలుకావడం ఇనుము లోపం. నేలలో ఇనుము ఉంటుంది కానీ క్షార గుణం వల్ల వేరుకు అందదు, మీ ఎత్తు మడికి కూడా ఆ బోరు నీరే చేరుతున్నది కదా. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వెంటనే, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారానికి ఒకసారి చొప్పున రెండు మూడుసార్లు చాలు. కలిపిన ద్రావణం ఎర్రబడితే అది పనికిరాదు, పారబోసి కొత్తది కలుపుకోండి. ఆ మడికి పోసే డ్రమ్ములో జిప్సం వేస్తున్నారా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

తుంగభద్రగట్టు (అలంపూర్)

మీకు ఇచ్చిన బుట్టలోని ఎర మిథైల్ యూజినాల్ అయి ఉంటుంది, పొట్లం మీద చూడండి. అది మామిడి, జామ కాయలను పాడుచేసే ఈగలను పిలుస్తుంది. బీర, సోర, కాకర మీది ఈగకు క్యూలూర్ అనే వేరే ఎర కావాలి, అడిగి తీసుకోండి. ఎరకు మగ ఈగలే వస్తాయి కాబట్టి దానితోనే సరిపోదు. కుళ్లిన పిందెలను రోజూ ఏరి, మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో వేసి ఎండలో పెట్టండి. పెంటకుప్ప మీద వేయవద్దు, పురుగు ఆ మట్టిలోకే దిగి మళ్లీ ఈగ అయి లేస్తుంది. పాదుల చుట్టూ పై మట్టిని అప్పుడప్పుడు కుర్పితో తిరగేస్తే కోశస్థ దశలో ఉన్నవి ఎండకు చస్తాయి. మంచి పిందెలకు కాగితపు సంచి కట్టడం మీ రెండు కుండల తీగలకు పెద్ద పని కాదు.

పుంటికూరమడి (దేవరకొండ)

పల్లి పొట్టు పరిచారు కాబట్టి చెదలు పడుతున్నాయేమో వారానికి ఒకసారి పక్కకు జరిపి చూడండి. ఇప్పటి నుంచి ఎర్రనల్లి కూడా మొదలవుతుంది. ఆకు అడుగున సన్నని గూడు, పైన దుమ్ము పట్టినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఉదయం పూట ఆకుల అడుగు భాగాన్ని నీటితో గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. మిగిలితే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి పొద్దు వాలాక కొట్టండి. గంధకం పొడి మంచిదని ఎవరైనా ఇస్తే సోర, బీర, దోస మీద వాడకండి, ఈ ఎండకు ఆకులు మాడిపోతాయి.

పెరటిబావి (మునుగోడు ప్రాంతం)

అన్నభేది రెండోసారి కొట్టాక కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. క్యూలూర్ తెచ్చి కట్టిన మర్నాడే బుట్టలో పదిహేను ఈగలు ఉన్నాయి. ఆ బెండ మడికి నా భార్య నేరుగా పైపుతో నీరు పెడుతున్నదని కూడా తెలిసింది, ఇప్పుడు ఇద్దరమూ డ్రమ్ము నీరే వాడుతున్నాము.

ఈ రోజు ఇంకొకటి జరిగింది. కుండకు దూరంగా, నీరు సరిగా అందని చోట పెట్టిన సోర తీగకు మొదటి కాయ వచ్చింది. కోసేటప్పుడు అలవాటుగా చిన్న ముక్క నోట్లో వేసుకుంటే విపరీతమైన చేదు. వెంటనే ఉమ్మివేసి, నోరు కడుక్కున్నాను. ఉప్పు నీళ్లలో నానబెట్టి వండితే చేదు పోతుందని పక్కింటి పెద్దమ్మ అన్నది. మంచి నీరు అందే రెండో తీగకు కాసిన కాయ తియ్యగానే ఉంది, దానిని విత్తనానికి ముదరనివ్వాలని కూడా అనుకుంటున్నాను.

మట్టిపరీక్ష (మిర్యాలగూడ)

చేదు సోరకాయను ఏ విధంగానూ తినకండి, పశువులకు కూడా వేయకండి. కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాల వల్ల ఆ చేదు వస్తుంది, ఉప్పుకు గానీ, ఉడికించడానికి గానీ అవి పోవు. రసం తాగినవారు రక్తపు వాంతులతో ఆసుపత్రిలో చేరిన సందర్భాలు, ప్రాణాలు పోయిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. మీరు ఉమ్మివేశారు కాబట్టి భయపడనక్కరలేదు, కానీ కడుపు నొప్పి, వాంతులు ఏమైనా మొదలైతే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి. పెద్దమ్మగారికి కూడా ఈ సంగతి చెప్పండి.

నీటి ఎద్దడి వల్ల చేదు పెరగవచ్చు, విత్తనంలోనే ఆ గుణం ఉండవచ్చు. మీ తీగది ఏదో చెప్పలేము కాబట్టి దానిని పీకేయండి. ఇక విత్తనం సంగతి. రెండో తీగ కాయ తియ్యగా ఉన్నా, దాని ఆడపూలకు చేదు తీగ పుప్పొడి చేరి ఉండవచ్చు. అప్పుడు కాయ తియ్యగానే ఉండి, లోపలి గింజల నుంచి వచ్చే మొక్కలు చేదు కాయలు కాయవచ్చు. ఈ ఏడాది సోర విత్తనం తీయకండి. పుంటికూర విత్తనం, పందిరి మీది బీరలో బాగా ముదిరి ఎండిన ఒక కాయ విత్తనం మాత్రం నిశ్చింతగా దాచుకోండి.